ఏ చికిత్సకు ఖజానా డబ్బు? ఆరోగ్యశ్రీ జాబితా, ఉద్దానం అనుభవం

ఒక చికిత్సకయ్యే ఖర్చును ప్రజల సొమ్ముతో నడిచే బీమా భరించాలా, భరిస్తే ఏ రోగికి, ఏ ఆసుపత్రిలో, ఎంతవరకు అన్నది తేల్చే పనిని చికిత్సల మదింపు అంటారు. ఆ వైద్యం పనిచేస్తుందా? దానివల్ల కీడెంత? ఇప్పటికే ఉన్నదాని కన్నా ఏ రకంగా మెరుగు? పెట్టే డబ్బుకు ఆయుష్షో ఆరోగ్యమో ఎంత దక్కుతుంది? మదింపులో అడిగే ప్రశ్నలు ఇవే. కొన్ని దేశాల్లో ఈ పనికి చట్టం ఉంది, సంస్థ ఉంది, బహిరంగ సమావేశాలు ఉన్నాయి. తెలుగు నేల మీద మాత్రం ఇది ఎక్కువగా నిపుణుల కమిటీలు, ప్రభుత్వ ఉత్తర్వులు, పేదలకు ఉచిత వైద్యం అందించే ఆరోగ్యశ్రీ పథకం ట్రస్టు ప్రకటించే జాబితాల రూపంలో సాగుతూ వచ్చింది.

ఆ జాబితా చరిత్రలో శ్రీకాకుళం జిల్లాది ప్రత్యేక స్థానం. పథకం మొదట అడుగుపెట్టిన మూడు జిల్లాల్లో ఇదొకటి. ఆపరేషన్లను దృష్టిలో పెట్టుకుని తయారైన జాబితా, కారణమే తెలియని ఒక దీర్ఘరోగం ముందు ఎంతవరకు అక్కరకొచ్చిందో, ఎక్కడ చాలకపోయిందో తెలియాలంటే కూడా ఈ జిల్లాకే రావాలి. పలాస, టెక్కలి, సోంపేట ఆసుపత్రుల డయాలసిస్ గదుల్లో ఆ రెండూ కనిపిస్తాయి.

మొదటి జాబితా

రాజీవ్ ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న శ్రీకాకుళం, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మొదలైంది. అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి. అంతకుముందు పెద్ద జబ్బు చేసిన పేదవాడికి ముఖ్యమంత్రి సహాయనిధే దిక్కు. ఎమ్మెల్యే ఉత్తరం పట్టుకుని హైదరాబాదు వెళ్లాలి, దరఖాస్తు పెట్టుకోవాలి, అదృష్టముంటే డబ్బు మంజూరవుతుంది. తెల్ల రేషన్ కార్డే అర్హత పత్రంగా, ఎవరి సిఫారసూ అక్కర్లేకుండా ఆపరేషన్ చేయించడం పేద కుటుంబాలకు నిజంగా కొత్త సంగతి. మొదట స్టార్ హెల్త్ బీమా సంస్థ ద్వారా నడిపారు. 2008 జూలై నాటికి రాష్ట్రమంతా విస్తరించి, మరికొన్ని వందల చికిత్సలకు ట్రస్టే నేరుగా చెల్లించే రెండో భాగాన్ని చేర్చారు. దాంతో చికిత్సల సంఖ్య 942కు చేరింది. కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే అదనంగా మరో 50,000 రూపాయలు పరిమితి.

ఏది లోపలికి, ఏది బయటికి అన్న నిర్ణయం వెనుక ఒక తర్కం ఉంది. ప్రాణాపాయం కలిగించేది, ఖర్చు ఎక్కువయ్యేది, నిపుణుడు తప్ప చేయలేనిది, ప్రభుత్వాసుపత్రుల్లో వసతి కొరవడినది, ఎలా చేయాలో స్పష్టమైన పద్ధతి ఉన్నది జాబితాకు ఎక్కాలి. గుండె ఆపరేషన్లు, క్యాన్సర్, మెదడు, మూత్రపిండాల శస్త్రచికిత్సలు అలా వచ్చాయి. క్షయ, కుష్ఠు, మలేరియా, బోదకాలు, ఎయిడ్స్ వంటివి జాతీయ కార్యక్రమాల కింద ప్రభుత్వ కేంద్రాల్లోనే చూస్తున్నారు కాబట్టి వాటిని తీసుకోలేదు. గుండె మార్పిడి, కాలేయ మార్పిడి, ఎముక మజ్జ మార్పిడి, తుంటి, మోకాలి కీళ్ల మార్పిడి లాంటివి ఖరీదు దృష్ట్యా బయటే ఉంచారు. పుట్టు చెవుడు ఉన్న పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్‌ను మాత్రం, ఆ తర్వాత మాట నేర్పే శిక్షణతో కలిపి 6.5 లక్షల దాకా భరించేందుకు ఒప్పుకున్నారు. ఖర్చు ఒక్కటే కొలమానమైతే ఆ ఇంప్లాంట్ లోపలికి వచ్చేది కాదు. ఒక పసివాడి జీవితకాలాన్ని లెక్కలోకి తీసుకున్నారన్నమాట. ఎవరూ ఆ పేరుతో పిలవకపోయినా అది మదింపే.

జాబితాలో పేరున్నంత మాత్రాన పని అయిపోదు. ఆసుపత్రిలో పథకం తరఫున ఉండే ఆరోగ్యమిత్ర రోగి కార్డు చూస్తాడు, డాక్టరు పరీక్షల కాగితాలు, ఫొటోలు కంప్యూటర్లోకి ఎక్కిస్తాడు, ట్రస్టు దగ్గరి వైద్యులు చూసి ముందస్తు అనుమతి ఇస్తారు. రాష్ట్రస్థాయిలో ఒక చికిత్సను ఒప్పుకోవడం ఒక మదింపు, ఈ రోగికి అది అవసరమేనని ఒప్పుకోవడం రెండోది. రోగి బంధువులకు తెలిసేదల్లా ఆ రెండోదే: ‘అప్రూవల్ వచ్చిందా?’

ఉద్దానం జబ్బు

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల తీరప్రాంతాన్ని ఉద్దానం అంటారు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల సీమ. పలాస–కాశీబుగ్గ జీడిపప్పు పరిశ్రమకు పేరు. ఇంత పచ్చని చోట, 1990ల నుంచీ ఎన్నో ఇళ్లలో మనుషులు కిడ్నీ పాడై మంచాన పడటం మొదలైంది. కిడ్నీ జబ్బుకు మామూలుగా దారితీసేవి మధుమేహం, అధిక రక్తపోటు. ఇక్కడ ఆ రెండూ లేని రైతులు, కూలీలు, నడివయసు వాళ్లు ఈ జబ్బున పడ్డారు. మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోదు, కాళ్ల వాపులు ఆలస్యంగా వస్తాయి, నొప్పి ఉండదు. స్కానింగ్‌లో కిడ్నీలు కుంచించుకుపోయి కనిపించేసరికి చేతిలో సమయం తక్కువ మిగులుతుంది.

విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాల నెఫ్రాలజిస్టు డాక్టర్ టి. రవిరాజు బృందం 2,210 మందిని పరీక్షించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో 18 శాతానికి పైగా దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు తేలింది. వారిలో సుమారు నాలుగింట మూడొంతుల మందికి తెలిసిన కారణమేదీ కనిపించలేదు. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 2,400 మందికి పైగా పెద్దలను చూసి 2020లో వెలువరించిన ఫలితమూ దాదాపు అదే: సుమారు ఐదుగురిలో ఒకరు. నీటిలోని సిలికా, లోహాలు, ఎండలో ఒళ్లు ఎండిపోయే పని, నొప్పి మాత్రల వాడకం, వంశపారంపర్యం, ఇలా అనుమానాలు చాలా ఉన్నా ఏ ఒక్కటీ రుజువు కాలేదు. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలో వరి రైతులనూ, నికరాగువా, ఎల్ సాల్వడార్‌లలో చెరకు కోత కూలీలనూ ఇలాంటి జబ్బే పీడిస్తోంది.

మదింపు చేసేవారికి ఇది అన్నిటికన్నా కష్టమైన సందర్భం. కారణం తెలిస్తే నివారణకు ఎంత పెట్టవచ్చో, చికిత్సకు ఎంత పెట్టవచ్చో పక్కపక్కన పెట్టి తూచవచ్చు. కారణం తెలియనప్పుడు ఖర్చంతా రోగం ముదిరిన చివరి దశలో వచ్చి పడుతుంది.

డయాలసిస్ దగ్గరికి వచ్చింది

కిడ్నీలు పూర్తిగా చేతులెత్తేసిన మనిషికి వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటల చొప్పున రక్తశుద్ధి చేయాలి. మార్పిడి జరిగేదాకా, లేదా బతికున్నంత కాలం. ఒకసారి చేసి ముగించే ఆపరేషన్‌కు రేటు కట్టినంత తేలిగ్గా దీనికి కట్టలేం. ఒకప్పుడు ఉద్దానం రోగులకు విశాఖ కేజీహెచ్‌ ప్రభుత్వాసుపత్రే పెద్ద దిక్కు. పలాస నుంచి అక్కడికి రెండు వందల కిలోమీటర్ల దరిదాపు. వారానికి రెండుసార్లు తోడు మనిషితో వెళ్లి రావడమంటే ఇద్దరి కూలీ పోయినట్టే. చికిత్స ఉచితమే, దాన్ని అందుకోవడానికి మాత్రం పొలం తాకట్టు పెట్టాలి. 

తర్వాతి ఏళ్లలో కేంద్రాలు ఒక్కొక్కటిగా దగ్గరికొచ్చాయి. శ్రీకాకుళం రిమ్స్, ఆ తర్వాత టెక్కలి, పలాస, సోంపేట ఆసుపత్రుల్లో డయాలసిస్ యంత్రాలు పెట్టారు. 2016 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన జాతీయ డయాలసిస్ కార్యక్రమమూ తోడైంది. 2017లో జనసేన అధినేత పవన్ కళ్యాణ్ ఇచ్ఛాపురం వచ్చి బాధితులతో మాట్లాడటం, అదే ఏడాది హార్వర్డ్ నెఫ్రాలజిస్టు జోసెఫ్ బోన్‌వెంట్రే విశాఖ రావడం ఈ జబ్బును రాజధాని దాకా తీసుకెళ్లాయి. 2019 సెప్టెంబరు 6న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్‌రెడ్డి పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రానికి, 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి శంకుస్థాపన చేశారు. 2023 డిసెంబరు 14న ఆసుపత్రినీ, హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని పలాస, ఇచ్ఛాపురం నియోజకవర్గాల ఊళ్లకు తెచ్చే 700 కోట్ల రూపాయల మంచినీటి పథకాన్నీ కలిపి ప్రారంభించారు. నీరే కారణమని రుజువయ్యేదాకా ఆగకుండా నీటి మీద ఇంత పెట్టడం సాహసమే. ఈ వ్యాసకర్త దృష్టిలో మంచి సాహసం, ఎందుకంటే శుభ్రమైన నీరు కిడ్నీకి పనికిరాకపోయినా మరి పది జబ్బులకు పనికొస్తుంది.

గీత ఎక్కడ గీశారు

ఆరోగ్యశ్రీ చికిత్సకు డబ్బిస్తుంది. మంచం పట్టిన ఇంటికి కావలసింది చికిత్స ఒక్కటే కాదని గుర్తించి రాష్ట్రం పింఛను ఇవ్వడం మొదలుపెట్టింది. 2019లో డయాలసిస్ రోగుల పింఛను నెలకు 10,000 రూపాయలైంది. డయాలసిస్ దాకా రాని దీర్ఘకాలిక కిడ్నీ రోగులకు ఆ తర్వాత 5,000 ఇచ్చారు, 2024 జూలైలో అదీ 10,000 అయింది. అయితే ఆ రెండో వర్గంలోకి రావాలంటే మూడు కొలతల్లో ఒకటి ఉండాలి: రక్తంలో సీరం క్రియాటినిన్ 5 మిల్లీగ్రాములు దాటడం, కిడ్నీ వడపోత రేటు 15 మిల్లీలీటర్ల కన్నా కిందికి పడిపోవడం, లేదా స్కానింగ్‌లో కిడ్నీలు కుంచించుకుపోయి ఉండటం.

ఈ గీత మీద కాస్త ఆగి ఆలోచించాలి. ఆరోగ్యవంతుడి క్రియాటినిన్ ఒకటికి అటూ ఇటూ ఉంటుంది. వడపోత రేటు 30 నుంచి 59 మధ్య ఉంటే మూడో దశ, 15 నుంచి 29 దాకా నాలుగో దశ, 15 కన్నా తక్కువైతే ఐదో దశ. అంటే వడపోత రేటు పాతికకు పడిపోయి, ఎండలో జీడితోట పనికి వెళ్లలేని మనిషి, స్కానింగ్‌లో కిడ్నీ చిన్నదిగా రాకపోతే, ఆ గీతకు అవతలే ఉండిపోతాడు. నెలనెలా రక్తపరీక్ష, బీపీ అదుపు, నొప్పి మాత్రల మాన్పింపు, ఎండ పని తగ్గింపు, వీటితో డయాలసిస్‌ను ఏళ్ల తరబడి వాయిదా వేయగల దశ కూడా సరిగ్గా అదే. ఆ పనులేవీ ఆపరేషన్లు కావు, ఆసుపత్రిలో పడుకోబెట్టేవీ కావు. అందుకే ప్యాకేజీల జాబితాలో వాటికి చోటు దొరకదు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం బడ్జెట్ మీద, ఏఎన్‌ఎం ఓపిక మీద ఆధారపడాలి.

గీత అంటూ ఒకటి లేకుండా ప్రజాధనం పంచలేం, నిజమే. క్రియాటినిన్ 5 అన్న అంకె డాక్టరుకూ గుమస్తాకూ ఒకేలా అర్థమవుతుంది, సిఫారసులకు తావివ్వదు. దాని మేలు అది. కాని ఆ అంకెను ఏ ఆధారంతో ఎంచారో, నాలుగో దశ వారిని ఎందుకు వదిలారో ఉద్దానంలోని ఒక చదువుకున్న కుర్రాడు అడిగితే చూపించేందుకు కారణాలతో కూడిన పత్రం ఉండాలి. ప్రభుత్వ ఉత్తర్వు ఏం చేస్తామో చెబుతుంది, ఎందుకో చెప్పాల్సింది మదింపు నివేదిక.

ఇతర దేశాలు ఎలా తేల్చుకున్నాయి

విచిత్రమేమంటే, ఈ మదింపు కథలో తొలి ఘట్టాల్లో ఒకటి కిడ్నీదే. 1962లో అమెరికాలోని సియాటిల్‌లో డయాలసిస్ యంత్రాలు తక్కువ, రోగులు ఎక్కువ. ఎవరిని యంత్రం మీద పెట్టాలో, అంటే ఎవరు బతకాలో తేల్చడానికి ఊరివాళ్లతో ఒక కమిటీ వేశారు. ఉద్యోగం, పెళ్లి, పిల్లలు, నడవడి అన్నీ చూసి వాళ్లు తీర్పులిచ్చారు. ఆ సంగతి లైఫ్ పత్రికలో వచ్చాక దేశం ఉలిక్కిపడింది. పదేళ్లకు, 1972లో, కిడ్నీలు పూర్తిగా దెబ్బతిన్న దాదాపు అందరికీ మెడికేర్ బీమా వర్తించేలా అమెరికా చట్టం మార్చింది. అక్కడ ఒక్క జబ్బు పేరుతో వయసుతో పనిలేకుండా బీమా ఇవ్వడానికి అదే తొలి అడుగు.

ఒరెగాన్ రాష్ట్రం ఇంకో దారి పట్టింది. 1989లో చట్టం చేసి, చికిత్సలన్నిటికీ వరుస సంఖ్యలిచ్చి, డబ్బు ఎంతవరకు వస్తే అక్కడ గీత గీస్తామంది. ఖర్చు–ఫలితం లెక్కతో 1990లో తయారైన మొదటి వరుసలో దంతాలకు తొడుగు వేయడం అపెండిసైటిస్ ఆపరేషన్ కన్నా పైన నిలిచింది. జనం నవ్వారు, కోపగించారు. లెక్క ఒక్కటే చాలదని తెలుసుకుని పౌరుల అభిప్రాయాలు తీసుకుని వరుస మార్చాక 1994లో గాని పథకం అమల్లోకి రాలేదు. వాషింగ్టన్ రాష్ట్రం 2006లో చేసిన చట్టంతో 11 మంది వైద్య నిపుణుల కమిటీ ఏర్పడింది. వాళ్లు బహిరంగంగా కూర్చుని, భద్రత, ఫలితం, ఖర్చు అనే మూడు దృష్టులతో చికిత్సలను పరిశీలిస్తారు. రాష్ట్ర ఉద్యోగుల బీమా, పేదల బీమా, కార్మికుల పరిహార బీమా ఆ తీర్పుకు కట్టుబడాలి. బ్రిటన్‌లో 1999లో పుట్టిన నైస్ సంస్థ, ఒక సంపూర్ణారోగ్య సంవత్సరం సంపాదించడానికి 20,000 నుంచి 30,000 పౌండ్లు దాటితే కొత్త మందును ఒప్పుకోవడానికి వెనకాడుతుందని చాలాకాలం పేరు.

ఉద్దానానికి అన్నిటికన్నా దగ్గరి పాఠం థాయ్‌లాండ్‌ది. ఆ దేశం 2002లో అందరికీ ఆరోగ్య బీమా ఇచ్చినప్పుడు డయాలసిస్‌ను ఖర్చుకు భయపడి బయట పెట్టింది. డయాలసిస్ ఏ రకమైనా మామూలు కొలమానానికి అందనంత ఖరీదని 2007లో వెలువడిన ఆర్థిక అధ్యయనం తేల్చింది. అయినా 2008లో ప్రభుత్వం ఒప్పుకుంది. చికిత్స కొనలేక చచ్చిపోవడం, కొని ఇల్లూ వాకిలీ పోగొట్టుకోవడం రెండూ జనం కళ్లముందే ఉన్నాయి. లెక్క వద్దన్నదాన్ని న్యాయం కోరింది. కాకపోతే ఖర్చు అదుపులో ఉంచేందుకు, ఇంట్లోనే కడుపు గుండా ద్రవం ఎక్కించి తీసే పెరిటోనియల్ డయాలసిస్‌నే మొదట చేయాలన్నారు. పల్లెటూరి రోగికి దూరప్రయాణం తప్పింది, ఇన్ఫెక్షన్ భయం మిగిలింది. 2022లో ఏ పద్ధతి కావాలో రోగే ఎంచుకునే వీలు కల్పించారు.

భారతదేశంలో 2017లో కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం కింద ఇలాంటి మదింపు వ్యవస్థ మొదలైంది. 2018 సెప్టెంబరు 23న మొదలైన ఆయుష్మాన్ భారత్‌లో ప్యాకేజీ రేట్లు సవరించేటప్పుడు ఆసుపత్రుల అసలు ఖర్చుల అధ్యయనాలను ఆధారం చేసుకుంటున్నారు. జాతీయ డయాలసిస్ కార్యక్రమంలో 2019 నుంచి పెరిటోనియల్ పద్ధతికీ మార్గదర్శకాలున్నాయి. వజ్రపుకొత్తూరు మండలంలో రోడ్డుకు దూరంగా ఉన్న పల్లెలకు అది ఎంతవరకు తగును, ఇంట్లో శుభ్రమైన గది, నీరు, నేర్పే నర్సు ఉంటాయా అన్నది థాయ్‌లాండ్ లెక్కలతో తేలేది కాదు. ఇక్కడే చూసి తేల్చాలి.

దిద్దుబాట్లు

జాబితాలో ఒక పేరు చేర్చడం వల్ల మేలుతో పాటు వికటమూ జరగవచ్చు. ఆరోగ్యశ్రీ తొలి ఏళ్లలో ప్రైవేటు ఆసుపత్రుల్లో గర్భసంచి తొలగింపు ఆపరేషన్లు అవసరం లేకున్నా చేస్తున్నారన్న ఆరోపణలు వెల్లువెత్తాయి. చిన్న వయసు ఆడవాళ్లు ఎందరో నష్టపోయారు. దాంతో ఆ ఆపరేషన్‌తో సహా 133 చికిత్సలను ప్రభుత్వాసుపత్రులకే పరిమితం చేశారు. డబ్బిచ్చే తీరే వైద్యుడి కత్తిని నడిపిస్తుందని ఈ అనుభవం చూపింది. ఖరీదైన చికిత్సలకు నిధులు పోయి ప్రాథమిక వైద్యం నీరసించిందన్న విమర్శ కూడా మొదటినుంచీ ఉంది, ఉద్దానంలో నాలుగో దశ రోగిని చూస్తే దాన్ని కాదనలేం.

రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్‌లో పథకం పేర్లు మారాయి: 2014 తర్వాత ఎన్టీఆర్ వైద్యసేవ, 2019 తర్వాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, 2024లో మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ. పేర్లతో పాటు జాబితా ఉబ్బుతూ పోయింది. 2020 జనవరిలో 2,059, తర్వాత 3,257. పరిమితి 2023 డిసెంబరులో ఏడాదికి 25 లక్షల రూపాయలైంది. 2025 సెప్టెంబరులో మంత్రివర్గం ఆమోదించిన కొత్త విధానంలో రెండున్నర లక్షల దాకా బీమా సంస్థ, ఆపైన 25 లక్షల దాకా ట్రస్టు భరించాలి. అంకెలు ఘనంగా ఉన్నాయి. బకాయిలు రాలేదంటూ 2024లోనూ 2025లోనూ నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేశాయి కూడా. 25 లక్షల హామీ ఎంత బలమైనదో పరిమితి చెప్పదు, బిల్లు చెల్లించే తేదీ చెబుతుంది.

కిడ్నీ మార్పిడి జాబితాలో ఉంది. జీవన్‌దాన్ కార్యక్రమం 2013 నుంచి మరణించినవారి అవయవాలను వరుస ప్రకారం కేటాయిస్తోంది. కాని మార్పిడి ఆపరేషన్‌తో ముగిసేది కాదు, శరీరం కొత్త కిడ్నీని తిరస్కరించకుండా జీవితాంతం మందులు వాడాలి. ఒక చికిత్సను ఒప్పుకున్నప్పుడు దాని వెనకొచ్చే ఇరవయ్యేళ్లనూ కలిపి ఒప్పుకోవాలి.

పలాస ముందున్న పని

ఉద్దానంలో మదింపుకు కావలసిన ముడిసరుకు ఇప్పటికే పోగవుతోంది. పలాస, టెక్కలి, సోంపేటల్లో జరిగే డయాలసిస్‌కు బిల్లు రావాలంటే అది నమోదు కావాలి కదా. రోగి ఏ ఊరివాడు, ఏ వయసులో మొదలుపెట్టాడు, ఎన్నాళ్లు వచ్చాడు, ఎందుకు ఆగిపోయాడు అన్నవి ఆ లెక్కల్లోంచి రాబట్టవచ్చు. వంశధార నీరు చేరిన తేదీ ఊళ్లవారీగా పక్కన పెట్టి, కొత్త రోగుల సంఖ్య తగ్గుతోందా అని ఏటేటా చూడవచ్చు. పేర్లు తీసేసి ఆ పట్టికను పలాస పరిశోధన కేంద్రం ప్రచురిస్తే, క్రియాటినిన్ గీతను 5 దగ్గరే ఉంచాలా, కిందికి జరపాలా అన్న ప్రశ్నకు ఊహతో కాక ఆధారంతో జవాబు చెప్పవచ్చు. మూడు, నాలుగు దశల వారికి నెలవారీ పరీక్షలు, మందులు ఒక ప్యాకేజీగా కడితే ఎంతవుతుందో, దానివల్ల వాయిదాపడే డయాలసిస్ ఖర్చెంతో లెక్కకట్టడం కష్టమేమీ కాదు. ఆ ప్యాకేజీ ఇవ్వాల్సింది ఆసుపత్రికి కాదు, కవిటి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు.